ఆకులెర్రబడే వేళ ఏ తోట?

జపానునుంచి తిరిగివచ్చి రెండు నెలలు కావస్తున్నది. అప్పటినుంచి బరంపురంలో కనిపించిన ప్రతివారూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మా పిల్లలు కూడా రమ్మంటున్నారండీ. అక్కడి తోటలు చూడవలసినవట గదా, ఏ తోటకు వెళ్ళమంటారు?" అని. ఒకరికి ఒక పేరు చెప్పాను. మరొకరికి మరొక పేరు చెప్పాను. ఆ ఇద్దరూ ఏదో పెళ్ళిలో కలుసుకొని నా జవాబులు పోల్చి చూచుకున్నారట. పెద్దాయనకు మాటమీద నిలకడ లేదనుకున్నారని నా చెవిని పడింది. అందుచేత సంగతి మొదటినుంచీ చెప్పుకొస్తే మంచిదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా అబ్బాయి ఓసాకాలో ఉద్యోగం. మేము అక్కడికి చేరినది కార్తికం వెళ్ళి మార్గశిరం ప్రవేశించిన వారంలో. అనగా నవంబరు నెలాఖరు. క్యోటో నగరంలో మేపుల్ చెట్లు ఎర్రబడేది సరిగా ఆ రోజులలోనే. ఓసాకానుంచి క్యోటో యాభై కిలోమీటర్ల లోపే. రైలులో గంట దూరం. అంతా బాగానే ఉన్నది గాని, అబ్బాయికి దొరికిన సెలవు ఒక్క బుధవారం. శని ఆదివారాలలో వెళ్ళవచ్చు గదా అంటే, "ఆ మాట ఎత్తకండి నాన్నా" అన్నాడు. క్రిందటి ఏడు ఇదే రోజులలో స్నేహితులతో ఒక ఆదివారం ఒక పేరున్న దేవాలయపు తోటకు వెళ్ళి, గంటన్నరసేపు వరుసలో నిలబడి, లోపలికి పోయి ముందువారి వీపులు చూచి వచ్చాడట. ఎర్రని ఆకులు ఆకాశంలో కొంచెం కనిపించాయన్నాడు.

కనుక ఉన్నది ఒక్క రోజు. ఏ తోట?

ఆ రాత్రి భోజనాలు అయిన తరువాత సభ తీరింది. అబ్బాయిది ఒక మాట, కోడలిది ఒక మాట. మనుమరాలికి తొమ్మిదేళ్ళు. దానికి బంగారు మేడ కావాలి. నాకు రాళ్ళ తోటమీద మనసు. మా ఇంటావిడ మాత్రం పళ్ళేలు సర్దుతూ, "మీరంతా వెళ్ళి రండి. నేను ఇంట్లో కూచుంటాను" అన్నది.

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. రెండేళ్ళుగా మెట్లు ఎక్కటం లేదు, కింద కూచోవటం లేదు. పది నిమిషాలు నడిస్తే ఒక చోట ఆగాలి. ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. అలవాటుగా అన్నది. పూరీ రథయాత్రకు అలాగే అన్నది, గోపాల్‌పూరు సముద్రానికి అలాగే అన్నది, మా తమ్ముడి కూతురి పెళ్ళికి కూడా అలాగే అన్నది. మేము కూడా అలవాటుగా సరేనని వెళ్ళివచ్చాము. ఈసారి మాత్రం, అయిదు వేల కిలోమీటర్లకు ఎగువ దూరం తీసుకువచ్చి నాలుగు గోడలమధ్య కూచోబెట్టి పోవటం నాకు మనసొప్పలేదు. కోడలికి కూడా మనసొప్పలేదు. సభ అక్కడ ఆగిపోయింది. "రేపు ఆలోచిద్దాము" అన్నాడు అబ్బాయి.

మాకు నాలుగు రోజుల వ్యవధి ఉన్నది. ఆ నాలుగు రోజులూ నేను చేసిన పని, అబ్బాయి ఇంట్లోని పుస్తకాలూ, ఫోనులోని పటాలూ ముందు పెట్టుకొని తోటలను గురించి చదవటమే. అందులో మొదట తెలుసుకున్నది ఋతువు సంగతి.

జపానులో వసంతంలో చెర్రీపూలు దక్షిణాన మొదలై ఉత్తరానికి ప్రాకుతవి. ఆకులు ఎర్రబడటం దీనికి తలక్రిందులు. ఉత్తరాన హొక్కాయిడో కొండలలో సెప్టెంబరులోనే మొదలౌతుంది. అక్టోబరులో నిక్కో కొండలమీదికి వస్తుంది. టోకియో, క్యోటోలకు దిగేసరికి నవంబరు చివర, డిసెంబరు మొదటి రోజులు. కొండమీద ముందు, పల్లంలో వెనుక. ఇటీవల వేడిమి పెరగటంవల్ల ఈ తేదీలు నానాటికి వెనక్కు జరుగుతున్నవి. పూర్వం వ్రాసిన పుస్తకాలను నమ్మి నవంబరు మొదటి వారంలో క్యోటోకు టిక్కెట్లు కొనుక్కుంటే పచ్చని చెట్లే చూచి రావలసి వస్తుంది. దసరా సెలవలలో పోవాలనుకునే వారికి క్యోటో పనికిరాదు. ఉత్తరానికి పోవాలి.

ఆకు ఎందుకు ఎర్రబడుతుందో కూడా చెప్పాలి. పొద్దు తగ్గి, రాత్రి చలి ఎనిమిది డిగ్రీలకు దిగేసరికి ఆకులోని పచ్చని పదార్థం విరిగిపోవటం మొదలుపెడుతుంది. తొడిమ మొదట బెండువంటి పొర ఒకటి ఏర్పడి, ఆకుకూ కొమ్మకూ రాకపోకలు ఆపుతుంది. ఆకులో చిక్కుపడిన చక్కెరనుంచి ఎర్రని రంగు కొత్తగా పుడుతుంది. పగలు ఎండ బాగా కాసి రాత్రి చలి బాగా వేస్తే రంగు చిక్కగా వస్తుంది. పసుపు పచ్చగా మారే చెట్ల సంగతి వేరు. ఆ పసుపు ఆకులో ముందునుంచీ ఉన్నదే, పచ్చదనం పోగానే బయట పడుతుంది.

ఇది నేను ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తుంటే మా ఇంటావిడ, "మన పెరట్లో బాదం చెట్టు ఏటా చేసే పనే గదండీ" అన్నది. నిజమే. చలికాలం వెళ్ళేటప్పుడు బాదం ఆకు ఎర్రగా కాలి రాలుతుంది. మనకు అది ఊడ్చుకోవలసిన చెత్త. మా చిన్నతనంలో పచ్చి బాదం ఆకులు పుల్లలతో కుట్టి విస్తళ్ళుగా వాడుకున్నాము గాని, ఎర్రని ఆకుల కోసం ఎవరూ పనిగట్టుకొని రైలెక్కి వచ్చినట్లు ఎరగను.

ఇక తోటలు. క్యోటోలోనివి ఒక్కొక్కటే తీసుకొని విచారించాము.

మనుమరాలు అడిగిన బంగారు మేడ కిన్‌కకుజి. చెరువులో నీడ పడుతూ మెరిసిపోతుంది. అసలు కట్టడం 1950లో నిప్పంటుకొని కాలిపోగా 1955లో తిరిగి కట్టారు. కాని అక్కడ జనం ఒక దారిన లోపలికి వచ్చి మరొక దారిన బయటికి పోతూనే ఉండాలి. చివర మెట్లు. పిల్లకు మరొకసారి చూపిస్తామని మాట ఇచ్చాము.

నేను కోరిన రాళ్ళ తోట ర్యోఆన్‌జిలోనిది. పొడుగు ఇరవై అయిదు మీటర్లు, వెడల్పు పది. చెట్టు లేదు, నీరు లేదు. తెల్లని చిన్నరాళ్ళు పరచి దంతెతో గీతలు గీస్తారు. అందులో పదిహేను బండరాళ్ళు, వాటి మొదట కొంచెం నాచు. అంతే. వసారాలో ఎక్కడ కూచున్నా పదిహేను రాళ్ళూ ఒక్కసారి కనుపించవు, ఏదో ఒకటి మరొకదాని వెనుక దాగుతుంది. ఎవరు చేశారో, సరిగా ఎప్పుడు చేశారో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు చాలా ఇష్టం. కాని కోడలు ఒక మాట అన్నది: "మామయ్యగారూ, ఆ రాళ్ళు వైశాఖంలో వెళ్ళినా అలాగే ఉంటాయి. అత్తయ్యగారు చెక్క నేలమీద కూచోలేరు." రెండూ నిజమే. పైగా నవంబరులో బూట్లు విప్పి మేజోళ్ళతో ఆ చెక్కలమీద నడిస్తే పాదాలు కొయ్యబారుతవి. ఈ సంగతి పుస్తకాలవారు వ్రాయరు, వయస్సు మీరినవారు మందపు మేజోళ్ళు ఒక జత చేతిసంచిలో పెట్టుకొని వెళ్ళాలి.

కోడలు చెప్పినది తోఫుకుజి. ఎర్రని ఆకులకు క్యోటోలో దీనిని మించినది లేదంటారు. దేవాలయం ఆవరణలో ఒక లోయ ఉన్నది, లోయ నిండా మేపుల్ చెట్లు, పైన ఒక కప్పువేసిన చెక్క వంతెన. వంతెనమీద నిలబడి క్రిందికి చూడాలి. చెట్ల నెత్తిన నిలబడి చూడటం మరెక్కడా అంత సులభం కాదు. ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. పూర్వం ఈ ఆవరణలో చెర్రీ చెట్లు ఉండేవట. మించో అనే సన్యాసి గొప్ప చిత్రకారుడు. అప్పటి ప్రభువు అతని బొమ్మకు మెచ్చి ఏమి కావాలో కోరుకోమంటే, "ఈ చెర్రీ చెట్లు కొట్టించండి, లేకపోతే ఇది పూజాస్థలం పోయి తిరునాళ్ళ స్థలం అవుతుంది" అన్నాడట. కొట్టించారు. ఇప్పుడు మేపుల్ చెట్లకోసం అదే తిరునాళ్ళు! నవంబరులో వంతెనమీద జనం ఆగిపోకుండా ఫొటోలు తీయటం నిషేధించారు. 1959 తుఫానులో ఆ వంతెన కొట్టుకుపోతే 1961లో మళ్ళీ కట్టారు.

తోఫుకుజిలోనే మరొక విశేషం, పెద్ద సన్యాసి నివాసం నాలుగు వైపులా ఉన్న తోటలు. వీటిని 1939లో షిగెమోరి మిరెయ్ అనే ఆయన చేశాడు. దేవాలయంవారు పెట్టిన నిబంధన, ఉన్న వస్తువు ఏదీ పారవేయరాదని. కనుక పాత దారిలో పరచిన చదరపు రాళ్ళు తెచ్చి నాచుమధ్య చదరంగపు గళ్ళలాగా పేర్చాడు. పాత స్తంభాల అడుగురాళ్ళు ఏడు తెచ్చి సప్తర్షి మండలం ఆకారంలో నిలబెట్టాడు. పాత సామానుతో కొత్త ఇల్లు కట్టుకునే మనవాళ్ళకు ఈ మనిషి వెంటనే అర్థమౌతాడు. కాళ్ళు సరిగా ఉన్నవారు తెల్లవారగానే, తలుపులు తీసే వేళకు, ఆదివారం కాని రోజున వెళ్ళండి. తప్పక వెళ్ళండి. మాకు మాత్రం ఆ వంతెనా, మెట్లూ, తోపులాటా కుదరవు.

అబ్బాయి చెప్పినవి రాజుగారి తోటలు, కత్సురా, షుగకుయిన్. రాజభవన శాఖకు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. వారు గుంపు కట్టించి, ముందొకరు వెనుకొకరు ఉండి తీసుకుపోతారు. మధ్యలో కూచోవటానికి వీలులేదు. షుగకుయిన్‌లో మూడు కిలోమీటర్ల నడక, కొండ ఎక్కటం. కత్సురాలో నడక తక్కువే గాని దారి పొడుగునా ఎగుడుదిగుడు రాళ్ళు. ఆ రాళ్ళు అలా వేయటంలో ఒక ఉపాయం ఉన్నదట. రాళ్ళు సరిగా లేనిచోట మనిషి తల వంచి నడుస్తాడు. రాయి వెడల్పుగా వచ్చినచోట ఆగి తల ఎత్తుతాడు. ఎత్తినప్పుడు ఎదుట చూడవలసిన దృశ్యం ఉంటుంది. మన తల ఎప్పుడు ఎత్తాలో తోట చేసినవాడు మూడు నాలుగు వందల ఏళ్ళ క్రితమే నిర్ణయించాడన్నమాట! మోకాళ్ళు మంచివైతే ఇంతకంటే చెప్పేది లేదు.

నాచు తోట సైహోజి కూడా చర్చకు వచ్చింది. నూట ఇరవై రకాల నాచు. జనం తాకిడికి నాచు పాడవుతున్నదని 1977నుంచి ముందుగా అనుమతి పొందినవారినే రానిస్తున్నారు. మా ఇంటావిడకు ఈ వర్ణన చదివితే ఆవిడ చాలాసేపు నవ్వింది. "మన నూతిపళ్ళెం దగ్గర పాచి పడితే కాలు జారుతుందని మనిషిని పెట్టి గీకిస్తాము. వీళ్ళు టిక్కెట్టు పెట్టారా?" అన్నది. నాచు అన్నిటికంటె పచ్చగా ఉండేది వానకాలంలో. కనుక జూనులో వెళ్ళేవారు దీనిని గుర్తుంచుకోండి.

ఇలా చదవగా చదవగా నాకు ఒక సంగతి స్పష్టపడింది. జపాను తోట అంటే ఒక రకం కాదు. ఎలా చూడాలో ముందు నిర్ణయించుకొని ఆ తరువాత తోట చేస్తారు. కొన్ని చుట్టూ నడచి చూడవలసినవి. కొన్ని పడవలో తిరుగుతూ చూడటానికి చేసినవి. కొన్ని గదిలో కూచుని, తలుపులు తీసి, ఒక్క చోటినుంచి చూడవలసినవి. ఈ మూడవ రకంలో అసలు స్థానం కూచున్నవారిదే. నడిచేవాడు దానిని పాడుచేసుకుంటాడు. మా ఇంటావిడను దృష్టిలో పెట్టుకొని మంచి తోటను కొంచెం తగ్గించి ఎన్నుకోవాలేమోనని నేను అంతదాకా బాధపడుతున్నాను. తగ్గించవలసిన అవసరం లేదని అప్పుడు తెలిసింది. అబ్బాయితో, "కూచుని చూడవలసిన తోట, మెట్లు లేనిది, స్టేషనుకు దగ్గర, కుర్చీ ఇచ్చేది, ఆకులు ఎర్రబడినది. వెతుకు" అన్నాను.

వాడు ఇరవై నిమిషాలలో వెతికి చూపించిన పేరు మురిన్‌ఆన్.

ఈ పేరు అంతకుముందు నేను వినలేదు. కాని దాని కథ చదవటం మొదలుపెట్టిన తరువాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణమేమంటే, నేను రుషికుల్య కాలువలమీద ముప్పై ఏళ్ళు నౌకరీ చేసినవాడిని. మురిన్‌ఆన్ తోటను బ్రతికించేది కాలువ నీరు.

క్యోటో ఒకప్పుడు జపాను రాజధాని. 1869లో చక్రవర్తి టోకియోకు తరలిపోగానే ఊరు చిక్కిపోయింది. వ్యాపారాలు పడిపోయినవి. ఊరిని నిలబెట్టాలంటే నీరు కావాలనుకున్నారు. కొండకు అవతల బివా అనే పెద్ద సరస్సు. కొండ తొలిచి ఆ నీటిని క్యోటోకు తేవాలని సంకల్పం. ఈ పనిని కాలేజీ చదువు అప్పుడే ముగించుకున్న తనాబె సకురో అనే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడికి అప్పగించారు! అతను కాలేజీలో పరీక్షకోసం వ్రాసిన వ్యాసం ఈ కాలువను గురించే. 1885లో పని మొదలై 1890లో పూర్తి అయింది. అందులో మొదటి సొరంగం ఒక్కటే 2,436 మీటర్లు. అప్పటికి జపానులో అంత పొడుగు సొరంగం లేదు. మా శాఖలో ఒక తూము మార్చటానికి ఎన్నేళ్ళు పట్టేదో ఇక్కడ వ్రాయను.

మొదట అనుకున్నది, కాలువ నీటితో చక్రాలు త్రిప్పి, కొండ క్రింద మిల్లులు పెట్టాలని. పని జరుగుతుండగానే 1888లో తనాబె అమెరికా వెళ్ళి, నీటితో విద్యుచ్ఛక్తి పుట్టించటం చూచి వచ్చాడు. వచ్చి ప్రణాళిక మార్పించాడు. 1891లో కెయాగె అనేచోట విద్యుత్కేంద్రం మొదలైంది. ఆ కరెంటుతోనే 1895లో క్యోటోలో ట్రాములు నడిచినవి. కరెంటును తీగమీద ఎక్కడికైనా పంపవచ్చు గనుక మిల్లులు కొండ క్రిందనే ఉండనక్కర లేకపోయింది. చక్రాలకోసం అనుకున్న స్థలం మిగిలింది, నీరూ దగ్గరే ఉన్నది. ధనవంతులు అక్కడ విడిది ఇళ్ళు కట్టుకొని తోటలు వేసుకున్నారు.

అలా కట్టుకున్నవారిలో మొదటివారిలో ఒకడు యమగాటా అరితోమో. సైన్యాధిపతి, రెండుసార్లు ప్రధానమంత్రి. 1894నుంచి 1896 వరకు కట్టించాడు. తోట చేసినది ఒగావా జిహెయ్ అనే తోటమాలి. పాత పద్ధతి తోటలో నీరు చెరువుగా నిలబడి ఉంటుంది. ఈ ప్రభువుకు నిలవ నీరు పనికిరాదు. వాగులాగా పారాలి, చప్పుడు చేయాలి. కాలువ ఉండబట్టి ఆ కోరిక చెల్లింది. 1903 ఏప్రిల్‌లో రష్యాతో ఏమి చేయాలో నిశ్చయించటానికి జపాను పెద్దలు నలుగురు సమావేశమైనది కూడా ఈ ఆవరణలోని ఇటుకల మేడలోనే. మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. 1941లో ఈ తోట క్యోటో నగరానికి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ముందుగా వేళ నిర్ణయించుకొని చూడవచ్చు. టిక్కెట్టు ధర రోజును బట్టి మారుతుంది. ఆకుల రోజులలో ఎక్కువ.

బుధవారం ఉదయం పులిహోర కలుపుకొని బయలుదేరాము. ఓసాకానుంచి కెయిహాన్ రైలులో సంజోకు వచ్చి, అక్కడ భూగర్భ రైలు మారి రెండవ స్టేషను కెయాగెలో దిగాలి. స్టేషనులలో లిఫ్టులున్నవి. కెయాగెనుంచి ఏడెనిమిది నిమిషాల నడక. మాకు ఇరవై నిమిషాలు పట్టింది. దారిలో రెండుసార్లు ఆగాము. తొందర లేదు గదా.

బయటినుంచి చూస్తే గోడా, చిన్న తలుపూ, అంతే. లోపల మొత్తం స్థలం ముప్పాతిక ఎకరానికి కొంచెం ఎక్కువ. ఇల్లు పడమటి వైపున ఉన్నది. తోట ఇంటి ముందునుంచి తూర్పుగా పోయి, పోనుపోను సన్నగిల్లి మూలలాగా ముగుస్తుంది. అక్కడ చెట్ల గుబురు. గుబురు వెనుక ఒక్కసారిగా హిగషియామా కొండ. ఊళ్ళో ఇళ్ళూ వీధులూ ఏవీ కనుపించవు. కొండ తోటలోదే అనిపిస్తుంది. జపానువారు దీనికి పెట్టుకున్న పేరుకు అర్థం, అరువు తెచ్చుకున్న దృశ్యం అని. అరువు తెచ్చుకున్న వస్తువును ఇంత దర్జాగా సొంతం చేసుకోవటం నేను మరెక్కడా చూడలేదు.

మా ఇంటావిడ నేలమీద కూచోలేదని అబ్బాయి చెప్పగానే, అక్కడున్న అమ్మాయి లోపలికి పోయి ఒక కురచ కుర్చీ తెచ్చి వసారా అంచున వేసింది. వేసి, ఒక అడుగు వెనక్కు వేసి చూచి, కుర్చీని జానెడు ఎడమకు జరిపింది. ఎందుకో మాకు మొదట తెలియలేదు. మా ఇంటావిడ కూచున్న తరువాత, "ఏమండీ, ఆ మూల నీళ్ళు దూకుతున్నవి చూశారా?" అన్నది. నేను నిలబడి చూస్తున్నాను, నాకు కొమ్మలు అడ్డం. వంగి, ఆవిడ తల పక్కన తల పెట్టి చూస్తే కనిపించింది. మూడు అంచెలుగా దూకే చిన్న జలపాతం. కాలువ నీరు తోటలో ప్రవేశించేది అక్కడే. అక్కడినుంచి రెండు పాయలై, వేలెడు లోతున, పచ్చిక మధ్యనుంచి మన వైపుకు పారుతూ వస్తుంది.

మేపుల్ చెట్లు తోఫుకుజిలోలాగా వేలు లేవు. పదులలో ఉంటవేమో. కొన్ని ఎర్రబడినవి, కొన్ని సగం, ఒకటి రెండు ఇంకా పచ్చగానే ఉన్నవి. ఒక ఆకు రాలి వాగులో పడితే అది గులకరాళ్ళమధ్య ఆగుతూ సాగుతూ ఇంటిదాకా రావటానికి ఎంతసేపు పడుతుందో మనుమరాలు లెక్క పెట్టటం మొదలుపెట్టింది. నాలుగు ఆకులు మధ్యలో చిక్కుకుపోయినవి. అయిదవది వచ్చేసరికి అందరం చప్పట్లు కొట్టబోయి, చుట్టుపక్కలవారిని చూచి ఊరుకున్నాము. నేను నడిచి తోట చుట్టి వచ్చాను. నీటి వాలు ఎంత పెట్టారో చూచుకున్నాను. చాలా తక్కువ. అంత తక్కువ వాలులో నీటికి ఆ చప్పుడు తెప్పించటానికి రాళ్ళు ఎక్కడ నిలబెట్టాలో తెలియాలి. ఒగావా జిహెయ్ మా శాఖలో ఉండవలసిన మనిషి.

బయటి తిండి లోపల తినరాదు. మధ్యాహ్నం దగ్గరలోని ఒకజాకి పార్కులో బెంచీమీద పులిహోర తిన్నాము. కాకులు కొంచెం ఇబ్బంది పెట్టినవి.

మరి ఈ వ్యాసం మొదటిలోని ప్రశ్న అడిగినవారికి జవాబు. మొదటి పెద్దమనిషికి నేను కనజావాలోని కెన్‌రోకుయెన్ చెప్పాను. ఆయన ఉదయం మూడు కిలోమీటర్లు నడిచే మనిషి, పిల్లలతో రెండు రాత్రులు అక్కడ ఉండగలరు. జపాను మూడు ప్రసిద్ధ తోటలలో అది ఒకటి. నవంబరు ఒకటవ తేదీనుంచి పైన్ చెట్ల కొమ్మలు మంచు బరువుకు విరగకుండా, గుడారంలాగా పైనుంచి త్రాళ్ళు కట్టటం మొదలుపెడతారు. ఎర్రని ఆకులూ ఆ త్రాళ్ళూ కలిసి కనుపించేది ఆ కొద్ది రోజులే. రెండవ ఆయన అన్నగారు చక్రాల కుర్చీలో ఉన్నారు. వారికి షిమానే జిల్లా యసుగిలోని అడాచి చిత్రశాల చెప్పాను. 1970లో తెరిచిన ఆ మ్యూజియములో తోటలోకి ఎవరినీ దిగనివ్వరు. అందరూ ఎక్కువగా లోపలినుంచి అద్దాలగుండా చూడాలి. నడిచేవారికీ నడవలేనివారికీ ఒకటే చూపు. క్యోటోనుంచి దూరం, నిజమే, రైలు మారాలి. అయినా వెళ్ళవచ్చు. పిల్లలు టోకియోలో ఉన్నవారు ఇంత దూరాలు పోనక్కర లేదు. ఊరిమధ్యనే రికుగియెన్ ఉన్నది, 1702 నాటిది. కొయిషికావా కొరాకుయెన్ అంతకంటె పాతది, 1629లో మొదలుపెట్టినది. రెండూ నడిచి చూడవలసినవే గాని, దారిలో బెంచీలుంటవి.

ఎవరికైనా నేను మొదట అడిగేది మాత్రం, మీతో వచ్చేవారిలో అందరికంటె తక్కువ నడవగలిగినది ఎవరని.

భోజనం తరువాత అబ్బాయి, "నాన్నా, ఇక్కడికి పది నిమిషాల నడకలో నన్‌జెన్‌జి దేవాలయం. లోపల ఇటుక కమానులమీద మీ కాలువ పోతుంది. 1888లో కట్టినది, పైన ఇప్పటికీ నీరు పారుతున్నది" అన్నాడు. నాకు వెళ్ళాలనే ఉన్నది. మా ఇంటావిడ వైపు చూచాను.

"మీరంతా వెళ్ళి రండి. నేను లోపలే కూచుంటాను" అన్నది.

తోటవారిని అడిగితే టిక్కెట్టు చూచి మళ్ళీ లోపలికి రానిచ్చారు. కోడలు ఆవిడ దగ్గర ఉండిపోయింది. మేము ముగ్గురం వెళ్ళి కమానులు చూచాము. కమానుకు కమాను లెక్కపెట్టి, నీరు చూచి, ఫొటోలు తీసుకొని వచ్చేసరికి నాలుగు గంటలైంది. ఆ రోజులలో అక్కడ అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. ఇంటి వెనుకనుంచి, పడమటి ఎండ తోటమీదుగా పోయి కొండమీద పడుతున్నది. కొండంతా రాగిరంగు తిరిగింది. మా ఇంటావిడ ఆ కురచ కుర్చీలోనే ఉన్నది. చెప్పులు విప్పి కాళ్ళు చాచుకున్నది.

"ఇంత ఆలస్యం చేశారేమిటి?" అన్నది. "ఇందాక మూడున్నరకు ఎండ ఆ జలపాతంమీద పడింది. ఒక పావుగంటే ఉన్నది. మీరు చూడలేదు."